ఉప, ఉపరి: ఇంగ్లీషు మాటను విడదీసి చదవడం ఎలా?



ఈసారి గోడ పత్రికకు ఏదైనా పాఠం లాంటిది రాయమన్నారు. కవిత రాయడం నాకు చేతకాదు. అందుకే ఒక తప్పు గురించి, ఆ తప్పులోంచి నేర్చుకున్న పాఠం గురించి రాస్తున్నాను. తప్పు నాదే. మన పత్రిక నియమం ప్రకారం ఇంగ్లీషు మాటల్ని కూడా తెలుగు లిపిలోనే రాశాను. చదివేటప్పుడు పక్కన నోట్‌బుక్కులో స్పెల్లింగులు రాసుకుంటే ఇంకా బాగా అర్థమవుతుంది.

మాది హోసూరు పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇప్పుడు కాలేజీలో సైన్సు అంతా ఇంగ్లీషు. పోయిన ఎండాకాలం సెలవుల్లో మా అవ్వ కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచి పంపించారు. అవ్వకు చాలా ఏళ్లుగా చక్కెర జబ్బు. డాక్టరు చెప్పిందంతా మామ విన్నాడు గానీ ఇంటికొచ్చేసరికి సగం మర్చిపోయాడు. డిశ్చార్జి కాగితం నా చేతికిచ్చి, "సైన్సు చదువుతున్నావు గదా, ఏం రాశారో చూడు పాపా" అన్నాడు.

చూశాను. 'హైపోగ్లైసీమియా' అని ఉంది. గ్లైసీమియా అంటే చక్కెర సంగతి అని తెలుసు. ముందున్న భాగాన్ని నా కళ్లు 'హైపర్' అని చదివేసుకున్నాయి. బీపీ ఉన్నవాళ్ల చీటీల్లో 'హైపర్‌టెన్షన్' అని ఎన్నోసార్లు చూసిన అలవాటు. "అవ్వకు చక్కెర శానా ఎక్కువైందంట" అని ధైర్యంగా చెప్పేశాను. ఆ రోజు నుంచి అవ్వకు సాయంత్రం అరటిపండు ఆపేశాం, రాగి ముద్ద సగం చేశాం. మాత్రలు మాత్రం యథాప్రకారం వేస్తూనే ఉన్నాం.

మూడో రోజు తెల్లారుజామున అవ్వ ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. పక్కింటి చిన్నమ్మ నర్సుగా పని చేస్తుంది. పరుగెత్తుకొచ్చి, అవ్వ మింగగలుగుతోందని చూసుకుని, చక్కెర కలిపిన నీళ్లు తాగించింది. కాసేపటికి అవ్వ తేరుకుంది. అప్పుడు చిన్నమ్మ కాగితం చూసి అడిగింది: "ఇది హైపో గదా పాపా. తక్కువైంది అని. మీరు ఇంకా తగ్గిస్తే ఎట్ల?"

నాకు నోట మాట రాలేదు. ఒక మాట ముందు భాగం సరిగ్గా చదవకపోవడం వల్ల మా అవ్వకు ఏమైనా అయి ఉంటే?

క్లాసులో దొరికిన తాళంచెవి

కాలేజీ తెరిచాక పార్ట్ వన్ తెలుగు క్లాసులో మేడమ్ ఉపసర్గలు చెప్పారు. ప్ర, పరా, అప, సమ్, అను, అవ... అంటూ 'ఉప' దగ్గరికి వచ్చారు. దగ్గర, కింద, చిన్నది అనే అర్థాల్లో వస్తుందని చెప్పి 'ఉపనది', 'ఉపశాఖ' అని ఉదాహరణలు ఇచ్చారు. 'ఉపరి' అనేది ఉపసర్గ కాదు, అవ్యయం, పైన అని దానర్థం, 'ఉపరితలం' అందులోంచే వచ్చిందని కూడా చెప్పారు. ఆ తర్వాత మాటల మధ్యలో, "సంస్కృతంలో ఉప, ఉపరి ఎట్లాగో గ్రీకులో హైపో, హైపర్ అట్లా. ఒకే కుటుంబం పిల్లలు" అన్నారు.

నేను పెన్ను కింద పెట్టేశాను.

హైపో అంటే ఉప: కింద, తక్కువ. హైపర్ అంటే ఉపరి: పైన, ఎక్కువ. లాటిన్‌లో వీటి తోబుట్టువులే 'సబ్', 'సూపర్'. ఉపసర్గలు నాకు వచ్చు. అర్థాలు కంఠతా పట్టి పరీక్ష కూడా రాశాను. కానీ ఆ జ్ఞానాన్ని ఆసుపత్రి కాగితం దాకా తీసుకెళ్లలేదు. తెలుగు క్లాసు ఒక గదిలో, సైన్సు క్లాసు ఇంకో గదిలో ఉండిపోయాయి.

ఇప్పుడు ఆ మాటను విడదీసి చూడండి. హైపో + గ్లైస్ + ఈమియా. గ్లైస్ అనేది తీపి అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. చివరి ఈమియా 'రక్తంలో ఉన్న స్థితి' అని చెబుతుంది. మొత్తం కలిపితే రక్తంలో చక్కెర తగ్గిన స్థితి. మామూలుగా డెసిలీటరు రక్తంలో 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే అలా అంటారు. ఇదే ఈమియా 'అనీమియా'లోనూ ఉంది. అక్కడ ముందున్న 'అన్' అంటే లేదు. మాటకు మాటగా రక్తం లేకపోవడం, వాడుకలో రక్తహీనత.

మూడు భాగాలు

మాటలో అసలు అర్థాన్ని మోసే భాగం రూట్. మన భాషలో ధాతువు లేదా మూలం అనుకోవచ్చు. దాని ముందు చేరేది ప్రిఫిక్స్, అంటే ఉపసర్గ. వెనక చేరేది సఫిక్స్, అంటే ప్రత్యయం. ప్రిఫిక్స్ ఎక్కువగా అర్థాన్ని మళ్లిస్తుంది. సఫిక్స్ ఎక్కువగా ఆ మాట వాక్యంలో ఏ పని చేస్తుందో నిర్ణయిస్తుంది: నామవాచకమా, విశేషణమా, క్రియా విశేషణమా అని.

ధాతువు ఒకటే ఉండి ముందు భాగం మారితే ఏమవుతుందో మనకు బాగా తెలుసు. 'హారం' తీసుకోండి. ఆహారం, విహారం, సంహారం, పరిహారం, ప్రహారం. తినేది ఒకటి, తిరిగేది ఒకటి, చంపేది ఒకటి! ఇంగ్లీషులో 'పోర్ట్' అనే రూట్ ఇలాంటిదే. దాని అర్థం మోయడం. ఇంపోర్ట్ లోపలికి మోసుకురావడం, ఎక్స్‌పోర్ట్ బయటికి మోసుకెళ్లడం, ట్రాన్స్‌పోర్ట్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోయడం. పోర్టబుల్ అంటే మోయగలిగినది. రైల్వే స్టేషన్లో మన పెట్టె మోసే పోర్టరన్న కూడా ఈ రూట్‌లోంచి వచ్చినవాడే.

నాకు అన్నిటికంటే నచ్చిన జత 'స్పెక్ట్', 'ఈక్ష'. రెండింటికీ అర్థం చూడటం.

పరి + ఈక్ష = పరీక్ష. చుట్టూ చూడటం.
సమ్ + ఈక్ష = సమీక్ష. బాగా చూడటం.
అప + ఈక్ష = అపేక్ష. ఆశగా చూడటం.
ఉప + ఈక్ష = ఉపేక్ష. చూసీ చూడనట్టు వదిలేయడం.

అటు ఇంగ్లీషులో ఇన్‌స్పెక్ట్ అంటే లోపలికి చూడటం, రెస్పెక్ట్ అంటే తిరిగి చూడటం, అందులోంచి గౌరవం. ఎక్స్‌పెక్ట్ అంటే బయటికి చూడటం, అంటే ఎదురుచూడటం. ఈ ఎక్స్‌పెక్ట్‌లో రూట్ మొదట ఉండాల్సిన 'ఎస్' అక్షరం స్పెల్లింగులో కనబడదు. 'ఎక్స్'లోనే ఆ శబ్దం ఉంది కాబట్టి కలిసిపోయింది. పరీక్షలో రెండు ఇ-కారాలు కలిసిపోయి సవర్ణదీర్ఘ సంధి అయినట్టే. ఇంకో సంగతి: ఈ స్పెక్ట్‌కు సంస్కృతంలో అసలైన చుట్టం 'స్పశ్' అనే ధాతువు. మనం రోజూ వాడే 'స్పష్టం' అందులోంచి వచ్చిందే. స్పష్టం అంటే చక్కగా కనబడేది.

ఇంగ్లీషులోనూ సంధులున్నాయి

'కాదు' అని చెప్పే 'ఇన్' ఒక్కో చోట ఒక్కో వేషం వేస్తుంది. డైరెక్ట్ ముందు ఇన్‌గానే ఉంటుంది. పాసిబుల్ ముందు ఇమ్ అవుతుంది, లీగల్ ముందు ఇల్ అవుతుంది, రెగ్యులర్ ముందు ఇర్ అవుతుంది. ఇవి నాలుగు ప్రిఫిక్సులని బడిలో విడివిడిగా బట్టీ పట్టాను. నిజానికి ఒకటే. పక్కన వచ్చే శబ్దాన్ని బట్టి మారింది.

ఉత్ + లాసం = ఉల్లాసం, ఉత్ + లేఖనం = ఉల్లేఖనం. ఇక్కడ త-కారం ల-కారం అయింది. ఇన్ + లీగల్ = ఇల్లీగల్‌లో న-కారం ల-కారం అయింది. రెండింటిలోనూ జరిగిన పని ఒకటే: ముందున్నది పక్కదాని పోలిక తెచ్చుకుంది. పెదవులతో పలికే 'ప' ముందు 'న్' పలకడం నాలుకకు ఇబ్బంది కాబట్టి ఇన్ కాస్తా ఇమ్ అయింది. మనకు ఆ ఇబ్బంది రాతలో కనబడదు. 'సంపూర్ణం'లో సున్నాను 'మ్' అని పలుకుతాం, 'సంతోషం'లో 'న్' అని పలుకుతాం. ఒక్క సున్నా రెండు పనులూ చేసేస్తుంది. ఇంగ్లీషువాళ్లకు సున్నా లేదు, అందుకే స్పెల్లింగు మార్చుకున్నారు.

'అన్' మాత్రం ఇలా మారదు. అన్‌ప్లెజెంట్, అన్‌లైక్లీ అని అలాగే ఉంటుంది. ఇది లాటిన్ నుంచి వచ్చింది కాదు, ఇంగ్లీషు సొంత సొమ్ము. అయినా అన్, లాటిన్ ఇన్, అనీమియాలోని గ్రీకు అన్, మన 'అనంతం', 'అజ్ఞానం'లలోని అన్, అ... ఇవన్నీ మూలంలో ఒక్కటే.

తెలుగువాళ్లం మనమెందుకు తడబడతాం?

సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. కానీ మన తెలుగు ఆ కుటుంబంది కాదు. ఈ సంగతిని 1816లో మన మద్రాసులోనే ఎల్లిస్ దొర రుజువులతో చూపించాడు. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం ముందుమాటకు జోడించిన వ్యాసంలో తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమని రాశాడు.

ఈ కుటుంబం పద్ధతి వేరు. అచ్చ తెలుగు మాటకు ముందు ఏమీ అతికించం. అన్నీ వెనకే. మంచి + తనం, పేద + రికం, వేట + కాడు, నేర్పు + అరి. 'కాదు, లేదు' అని చెప్పాలన్నా వెనకే చెబుతాం: తెలియని, చేయని, అంతులేని. కాబట్టి మన చెవి మాట చివర్ని గట్టిగా పట్టుకుంటుంది, మొదటిని వదిలేస్తుంది. నేను 'గ్లైసీమియా'ను సరిగ్గా పట్టుకుని 'హైపో'ను వదిలేసింది ఇందుకేనేమో అనిపిస్తుంది. ఇది సాకు కాదు. మన అలవాటు ఏమిటో తెలిస్తే జాగ్రత్త ఎక్కడ పడాలో తెలుస్తుందని చెబుతున్నాను.

అదే కారణం వల్ల సఫిక్సులు మనకు సులువు. గుడ్‌నెస్‌లో 'నెస్' మన తనం. ఎండ్‌లెస్‌లో 'లెస్' మన లేని. హంటర్‌లో 'అర్' మన కాడు. స్లోలీలో 'లీ' మన మెల్లగాలోని గా. సైన్సు చదివేవాళ్లు ఇంకో రెండు గుర్తుపెట్టుకోండి. 'ఐటిస్' ఉంటే వాపు: టాన్సిలైటిస్, ఆర్థ్రైటిస్. 'ఎక్టమీ' ఉంటే కోసి తీసేయడం: అపెండెక్టమీ. ఈ కోయడం అనే రూటే 'ఆటమ్'లోనూ ఉంది. అ + తమ్, కోయడానికి వీలు కానిది. తర్వాత శాస్త్రవేత్తలు దాన్నీ కోశారు, అది వేరే సంగతి.

పొడుగు మాటను ఎలా విప్పాలి?

'అన్‌ప్రిడిక్టబిలిటీ' చూడగానే భయమేస్తుంది. లోపలి నుంచి కట్టుకుంటూ రండి.

1. డిక్ట్: చెప్పు.
2. ప్రి + డిక్ట్ = ప్రిడిక్ట్: ముందే చెప్పు.
3. ప్రిడిక్ట్ + ఏబుల్ = ప్రిడిక్టబుల్: ముందే చెప్పగలిగిన.
4. అన్ + ప్రిడిక్టబుల్ = అన్‌ప్రిడిక్టబుల్: ముందే చెప్పలేని.
5. దానికి ఇటీ చేరిస్తే అన్‌ప్రిడిక్టబిలిటీ: ముందే చెప్పలేనితనం.

అన్ మాటకు మొదట ఉంది కదా అని మొదట చేరిందనుకోకూడదు. 'అన్‌ప్రిడిక్ట్' అనే మాట లేదు. కాబట్టి ఏబుల్ చేరాకే అన్ వచ్చింది. ఈ వరస మారితే అర్థం కూడా మారుతుంది. 'అన్‌లాకబుల్' అనే ఒక్క మాటకే రెండు అర్థాలున్నాయి. అన్ + లాకబుల్ అయితే తాళం వేయడానికి వీలు కానిది. అన్‌లాక్ + ఏబుల్ అయితే తాళం తీయడానికి వీలైనది. మన హాస్టలు బీరువాలు మొదటి రకం!

మోసపోయే చోట్లు

ఒకటి. కనబడినదల్లా ప్రిఫిక్స్ కాదు. 'అంకుల్' స్పెల్లింగులో మొదటి రెండు అక్షరాలు తీసేస్తే మిగిలేదానికి అర్థం లేదు. 'వాటర్' చివర అర్ ఉంది గానీ వాట్ చేసేవాడు ఎవడూ లేడు. మన 'సున్నం'లో సు-, 'అడవి'లో అ- ఉపసర్గలు కానట్టే. భాగాన్ని తీసేసి చూడాలి. అదే భాగం ఇంకో నాలుగు మాటల్లో అదే అర్థంతో వస్తోందా అని కూడా చూడాలి. ఈ రెండో పరీక్ష ముఖ్యం. ఎందుకంటే రిసీవ్, డిసీవ్, కన్‌సీవ్‌లలో 'సీవ్' విడిగా నిలబడదు, అయినా అది తీసుకోవడం అనే అర్థమున్న రూటే.

రెండు. 'ఇన్' ఉన్నంత మాత్రాన కాదు అని కాదు. పెట్రోలు ట్యాంకర్ల వెనక 'ఇన్‌ఫ్లేమబుల్' అని రాసి ఉంటుంది. అంటే అంటుకోనిది అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ ఇన్ అంటే లోపలికి. సులువుగా మంటలోకి వెళ్లేది, అంటే ఇట్టే అంటుకునేది అని. మన నిర్ కూడా ఇంతే. నిర్భయంలో లేదు అని చెబుతుంది, నిరీక్షణలో చెప్పదు.

మూడు. 'ఇన్‌వాల్యుయబుల్' అంటే విలువ లేనిది కాదు, వెల కట్టలేనంత గొప్పది. మన 'అమూల్యం' గుర్తుపెట్టుకుంటే ఇది ఎప్పుడూ తప్పదు.

నాలుగు. అన్ని భాగాలూ ఒకే భాషవి కానక్కర్లేదు. టెలివిజన్‌లో టెలి గ్రీకు, విజన్ లాటిన్. మన 'ప్రతిరోజు'లో ప్రతి సంస్కృతం, రోజు పారసీకం. 'దురలవాటు'లో దుర్ సంస్కృతం, అలవాటు తెలుగు. మాటలకు మనుషులకున్నంత పట్టింపు లేదు.

ఐదు. ఇది నా అనుభవం. విడదీసి చదవడం అర్థాన్ని ఊహించడానికి పనికొస్తుంది, నిర్ధారించుకోవడానికి సరిపోదు. పరీక్షలో ఊహ తప్పితే ఒక మార్కు పోతుంది. మందుల చీటీలో ఊహించకండి. డాక్టరుకో నర్సుకో చూపించి అడగండి. అడగడంలో సిగ్గేమీ లేదు. నేను ఆ రోజు సిగ్గుపడే అడగలేదు. సైన్సు చదివే పిల్లకు ఒక మాట తెలియదంటే నవ్వుతారని.

మీకు కొంచెం పని

కింది మాటల్ని విడదీసి ఈ పత్రిక కింద గుచ్చిన తెల్ల కాగితం మీద రాయండి. ఏ భాగం మొదట చేరిందో కూడా రాయాలి.

ట్రాన్స్‌పోర్టేషన్, ఇర్రెగ్యులారిటీ, హైపోడెర్మిక్, ఫియర్‌లెస్‌నెస్, మిస్‌అండర్‌స్టాండింగ్, అనపేక్షితం.

చివరిది కావాలనే పెట్టాను. అది ఇంగ్లీషు కాదని వదిలేయకండి. జవాబులు వచ్చే సంచికలో.

మా అవ్వ సంగతి చెప్పి ముగిస్తాను. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఈ ఉప, ఉపరి సంగతంతా అవ్వకు చెప్పాను. అవ్వకు అక్షరాలు రావు. అయినా భాగవతం, భారతం విని విని ఇలాంటి మాటలు ఆమెకు కొత్త కాదు. ఇప్పుడు ప్రతి నెలా రక్త పరీక్ష చేయించుకుని రాగానే ఫోన్ చేసి కాగితం నా చేత చదివించుకోవాలంటుంది. మామ దాన్ని ఫోటో తీసి పంపుతాడు. నేను చూసేలోపే అవతలి నుంచి అడుగుతుంది:

"ఏం పాపా, ఈసారి ఉపనా, ఉపరినా?"

రెండుసార్లు చదువుకున్నాకే జవాబు చెబుతున్నాను.

— రెండో సంవత్సరం జంతుశాస్త్రం, పార్ట్ వన్ తెలుగు విద్యార్థిని